రెండు చెక్కలు

తన ఆటసామాన్ల షాపు షట్టరు సగానికి దించి సోమశేఖర్ భోజనానికి మేడ మీదికి వెళ్ళిపోయాడు. వెళ్తూ రెండు బ్లేడ్లనూ గాజు బల్ల మీద నా ముందు పెట్టి, "రెండూ చేతిలో పట్టుకోని చూస్తాండమ్మా, నేను ఇంత తినేసి రొవ్వంత నడుం వాల్చి వస్తా, ఈ ఎండకి నువ్వు మాత్రం యాడికి పోతావులే" అన్నాడు. నిజమే, ఎక్కడికి పోతాను. మే నెల మిట్టమధ్యాహ్నం అనంతపురంలో కుక్క కూడా మోరీ వదిలి బయటికి రాదు. రబ్బర్లు అతికించకముందు టేబుల్ టెన్నిస్ బ్యాటు ఉత్త చెక్క, దాన్నే బ్లేడంటారు. ఎడమవైపున్నది వెడల్పు మొహంది, తేలిక, మెత్తన, వచ్చిన బంతిని పట్టి నిదానంగా వెనక్కి పంపుతుంది. డిఫెన్స్ ఆడేవాళ్ళది. కుడివైపున్నది చిన్నది, బిగుసుకుపోయి ఉంటుంది, చెక్క పొరల మధ్య నల్లటి కార్బన్ పొర, తగిలిన బంతి తగిలినట్టే దూసుకుపోతుంది. కొట్టేవాళ్ళది. ఈ రెంట్లో ఏదో ఒకటి పట్టుకుని ఆదివారం నేను ఓబుళేసు సార్‌తో ఆడాలి. జిల్లాకంతా ఆయన సార్. నాకు చిన్నాయన, మా నాయన సొంత తమ్ముడు, నాకు ఆట నేర్పినవాడు, నా మణికట్టు విరగ్గొట్టినవాడు. శిష్యులంతా చేరి ఆయనకు సన్మానం పెట్టుకున్నారు. శాలువా కప్పే ముందు అందరి ఎదురుగా ఆయన ఒక మ్యాచ్ ఆడి చూపిస్తాడట, అవతలివైపు నిలబడడానికి నన్ను పిలిచాడు. ఇవ్వబోయే షీల్డు కూడా ఈ షాపులోనే తయారైంది. అదిగో, బల్ల చివర, ప్లాస్టిక్ కవర్లో, నడిమధ్యన ఆయన ఫోటో, బ్యాటు ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. పళ్ళు రాలగొట్టాలనిపించే నవ్వు. ఆ నవ్వుతో ఒంటరిగా కూర్చోవాలి ఇప్పుడు నేను. పైగా పొద్దున్నే షాపుకి ఫోన్ చేసి, "మా సరళ వస్తాది, డిఫెన్స్‌ది ఇయ్యి ఆమెకి, వేరేది చూపించొద్దు" అని చెప్పి పెట్టాడట. సోమశేఖర్ వ్యాపారస్తుడు, ఉన్న సరుకు చూపించకుండా ఉండలేడు, అందుకని రెండోదీ తీశాడు.

పొద్దున ఇంకో ఫోన్ కూడా వచ్చింది. చిన్నమ్మది. చౌడేశ్వరి, ఓబుళేసు సార్ భార్య. నేను కండక్టరు డ్యూటీ ముగించి బస్సు దిగి, డిపోలో లెక్క అప్పజెప్పి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. ఆమె నాకు ఫోన్ చేయడమన్నది ఎన్నడూ లేదు, అందుకే పేరు చూడగానే ఎవరో పోయారనుకున్నాను. "సరళా, ఒక మాట చెప్పల్ల. మీ చిన్నాయనకి గుండెలో స్టెంటు ఏసినారు, బెంగుళూర్లో, పోయిన దసరాకి. ఎవురికీ చెప్పొద్దన్నాడు. రొవ్వంతసేపు కొట్టి కూసుంటే ఏం కాదంట. బాలు మల్ల మల్ల తిరిగొస్తా ఉంటే, శానాసేపు ఆడితే, అప్పుడు మాత్రం నా చేతిలో లేదన్నాడు డాక్టరు." అంతే, పెట్టేసింది. నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆదివారం ఆ హాలు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఈ బంతికి బరువుండదు, ఏ కాస్త గాలి తగిలినా వంకర పోతుంది, అందుకని ఆట మొదలు కాగానే ఆయనే అరుస్తాడు, "ఫ్యాన్లు ఆపండ్రా!" అని. కిటికీలకు గోనెపట్టాలు కట్టిస్తాడు. పైన రేకులు. మే నెల. అందులో డిఫెన్స్ ఆటతో ఆయన్ని నిలబెట్టానంటే, కొట్టిన ప్రతి బంతినీ తిరిగి ఆయన కాళ్ళ దగ్గరికే పంపుతూ పోయానంటే, ఆ గుండె ఎంతసేపు ఆడుతుంది? ఎడమవైపు చెక్క తీసుకుంటే చిన్నాయన చావచ్చు. కుడివైపుది తీసుకుంటే ఆట బిరబిరా అయిపోతుంది, బతుకుతాడు. ఏది తీసుకోవాలో తేల్చుకోవడానికి నాకు సోమశేఖర్ కునుకు తీసినంతసేపు టైముంది.

ఎడమదాన్ని పట్టుకున్నాను. అయ్యో, ఎంత బాగా కూర్చుందో చేతిలో. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి, బొటనవేలు ఇక్కడ, చూపుడువేలు అక్కడ, అరిచెయ్యి ఏమీ మర్చిపోలేదు, కొట్టిన చేతికి తోక ఊపే కుక్కలాగా ఉంది నా చెయ్యి. బంతి తీసి చెక్క మీద ఆడించాను. టొక్, టొక్, టొక్. ఈ చప్పుడు మధ్యే పెరిగాను నేను. శింగనమలలో వేరుశనగ ఎండిపోయి, బోరు ఎండిపోయి, మా నాయన దిక్కులు చూస్తున్న రోజుల్లో చిన్నాయన ఒక్కడికే సర్కారు ఉద్యోగం, స్కూల్లో ఆటల సార్. "పాపని నా కాడ పెట్టు అన్నా, చదువుకుంటాది, రొన్ని ఆటలు నేర్చుకుంటాది" అన్నాడు. నాయన దండం పెట్టినంత పని చేశాడు. హాల్లోకి తీసుకుపోయిన మొదటిరోజే నా చేతిలో ఈ వెడల్పు చెక్క పెట్టాడు. పెద్ద ఊళ్ళలో ప్రాక్టీసుకి బంతులు విసిరే మిషన్లుంటాయి, మాలాంటి చోట ఆ పనికి ఒక పిల్లనో పిల్లవాణ్ణో తయారు చేసుకుంటారు. కొట్టడం నేర్చుకునే పిల్లలు గంటలు గంటలు కొట్టాలి కదా, వాళ్ళకి అలుపు లేకుండా తిరిగి పంపేవాళ్ళొకరు కావాలి. దాన్ని గోడ అంటారు. ఎవరిని గోడ చేయాలన్నది ఆట చూసి తేల్చరు. ఎవరి నాయన వచ్చి ఎందుకిట్లా అని అడగడో వాళ్ళని చేస్తారు. "గోడ వచ్చిందేమ్‌రా?" అనేవాడు చిన్నాయన హాల్లోకి వస్తూనే, పిల్లలు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని, సిగ్గు లేదు.

ఆ నవ్వు మొహం మీదే కొట్టేవాళ్ళు. బంతి తేలికదే కావచ్చు, దగ్గర్నుంచి బలంగా కొడితే ఎక్కడ తగిలితే అక్కడ ఎర్రగా కాయ కాసినట్టు లేస్తుంది. మెడ మీద, ఛాతీ మీద, కన్ను కింద. కావాలనే కొట్టించేవాడు. "ఒంటి మీదికి కొట్టండ్రా, గోడకి నొప్పేముంటాది, అప్పుడే పక్కకి జరగడం నేర్చుకుంటాది." రాత్రి చాప మీద పడుకుంటే ఎటు తిరిగినా ఏదో ఒకటి నొప్పి. లక్ష్మీప్రసన్న అని కాంట్రాక్టరు కూతురు ఉండేది. హాలుకి కొత్త టేబుళ్ళు వాళ్ళ నాయనే ఇప్పించాడు, అందుకని రాష్ట్ర పోటీలకి పంపేది ఆ అమ్మాయినే అని ముందే రాసిపెట్టి ఉంది. ఆమె కొట్టడం నేర్చుకున్నది నా ఒంటి మీదే. మంచిదే, పాపం, ఆట అయ్యాక చాక్లెట్ ఇచ్చేది. ఎప్పుడైనా ఒక బంతి ఎత్తుగా, తేటగా, నన్ను కొట్టు అన్నట్టు వచ్చేది, నా చెయ్యి ఊరుకునేది కాదు, కొట్టేదాన్ని. అది పోయి టేబుల్ మూల తగిలేది, ఆ అమ్మాయి చూస్తూ ఉండిపోయేది. అప్పుడు చిన్నాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చేవాడు. "చెయ్యి పెట్టు" అనేవాడు. వేళ్ళు ముడిచి టేబుల్ మీద పెట్టాలి, నా బ్యాటుతోనే, అంచుతో, కణుపుల మీద. "గోడ కొడతాదా? గోడ కొడితే ఇల్లు నిలబడతాదా?" పిల్లలంతా వరసగా నిలబడి చూడాలి. ఎవరూ తల తిప్పుకోకూడదు, తిప్పుకుంటే వాళ్ళకీ పడుతుంది. నాకు ఏడుపు రాదు అని పేరు. ఏడుపు ఎందుకు రాదు, వచ్చేది, పళ్ళతో పట్టుకునేదాన్ని.

షాపులో గాలి లేదు. ఫ్యానుంది, కరెంటు లేదు. రబ్బరు, జిగురు, కొత్త తోలు వాసన కలిసి గొంతులో కూర్చుంది. సగం దించిన షట్టరు కింద నుంచి ఎండ లోపలికి జొరబడి నా చెప్పుల మీద పడుతోంది. బయట ఎవరో ఆటోవాడు ఇంకొకణ్ణి తల్లి మీద తిడుతున్నాడు, ఆ పెద్దమనిషి కూడా తక్కువ తినలేదు, ఒరేయ్ అంటే ఒరేయ్. కొట్టుకోండి, కొట్టుకుని చావండి, ఒకరి రక్తం ఒకరికి చూపించుకోండి, ఊరికే నోటితో ఎందుకు. నాకు వాళ్ళంటే అసూయగా ఉంది. కవర్లో చిన్నాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఫోటో తీసినప్పుడు నేనెక్కడున్నానో నాకు తెలుసు, కెమెరా వెనకాల బంతులు ఏరుతున్నాను. షీల్డు మీద బంగారు రంగు అక్షరాలతో 'శిష్యుల పాలిట దైవం' అని రాయించారు. ఈ చెక్క అంచుతో ఆ దైవం ముక్కు మీద ఒక్కటి వేస్తే ఎట్లుంటుంది? ఎముక చప్పుడు నాకు తెలుసు కదా. ఎండుకట్టె విరిగినట్టు రాదు. తడిగా, లోపలెక్కడో, మనకొక్కరికే వినపడుతుంది.

జిల్లా పోటీల చివరి ఆట. నేనూ లక్ష్మీప్రసన్నా. గోడ చివరిదాకా ఎట్లా వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. వచ్చిన ప్రతిదాన్నీ తిరిగి పంపుతూ వచ్చేశాను, అంతే. ముందురోజు రాత్రి అన్నం దగ్గర చిన్నాయన చెప్పాడు, "ఆడు, బాగా ఆడు, గెలవొద్దు." నేను తలూపాను. నిజంగానే ఓడిపోదామనే వెళ్ళాను. మరి ఆ ఆఖరి బంతి అంత ఎత్తు ఎందుకు లేచింది? లక్ష్మీప్రసన్న బ్యాటు చివర తగిలి, గాల్లో నిలబడి, నా కోసమే దిగుతున్నట్టు దిగింది. నాకు హాలు కనపడలేదు, చిన్నాయన కనపడలేదు, ఒక్క తెల్లటి బంతి కనపడింది. కొట్టాను. నా ఒంట్లో ఉన్న మంటంతా, మెడ మీది కాయలు, కణుపుల వాపు, బంతులు ఏరిన నడుంనొప్పి, అన్నీ కలిపి కొట్టాను. ఆ అమ్మాయి బ్యాటు కూడా ఎత్తలేదు. చప్పట్లు. తర్వాత హాలు వెనక సామాన్ల గదిలో, పాత టేబుల్ మీద, "చెయ్యి పెట్టు" అన్నాడు. ఈసారి వేళ్ళ మీద కాదు. బ్యాటు రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదటి దెబ్బకి నేను అరిచాను, రెండో దెబ్బకి అరవలేదు, బ్యాటు నిలువునా పగిలింది, చెయ్యి నాది కానట్టు వేలాడింది. "బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారినావు" అన్నాడు, చెమట తుడుచుకుంటూ. నేనేమీ అడక్కముందే.

ఆసుపత్రికి పోతే అడుగుతారని నాటుకట్టు కట్టించారు. అందుకే ఇప్పటికీ బొటనవేలి వైపు ఎముక ఇట్లా బయటికి పొడుచుకుని ఉంటుంది, టికెట్ మిషన్ పట్టుకుంటే సాయంత్రానికి సలుపుతుంది. నాయన వచ్చాడు శింగనమల నుంచి. గడప దగ్గరే నిలబడ్డాడు, చెయ్యి చూశాడు, తమ్ముడి మొహం చూశాడు, "జారిందంట కదమ్మా, చూసుకోని దిగల్ల" అన్నాడు. ఆ మాటకి నేను వేసిన మార్కులు సున్నా, అంత తక్కువ దేవుడికి కూడా వేయలేదు. ఆ రాత్రి నా పక్కన కూర్చున్నది చిన్నమ్మ ఒక్కతే. పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, భుజం నుంచి కిందికి కాపడం పెట్టింది. దీపం వెలుగులో చూశాను, ఆమె కుడిచేతికి గాజుల్లేవు, గాజులుండాల్సిన చోట పగిలిన గాజులు గీరిన గీతలు, పాతవీ కొత్తవీ. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం చూసుకున్నాం, ఏమీ అనుకోలేదు. వెళ్ళేముందు నా చెవి దగ్గర మెల్లగా అంది, "బిరీన బాగు చేసుకో పాపా, నీ చెయ్యి బిరీన బాగు చేసుకో." ఓదార్పు అనుకున్నాను అప్పుడు. ఇన్నేళ్ళూ అట్లాగే అనుకున్నాను.

మళ్ళీ ఆట జోలికి పోనే పోను అనుకున్నదాన్ని ఈ పోయిన చలికాలం దాకా పోలేదు. పామిడి బస్సులో ఒకడు బాగా తాగి, టికెట్ అడిగితే నా చెయ్యి పట్టుకున్నాడు. ఇదే చెయ్యి, ఇదే మణికట్టు. మెలిపెట్టాడు. "ఏమ్మే, ఎగురుతాండావు?" అన్నాడు. మామూలుగా అయితే డ్రైవరన్నని పిలిచేదాన్ని. ఆరోజు నా చేతిలో మిషన్ దానంతటదే లేచింది. కనుబొమ్మ మీద తగిలింది, చర్మం విడిపోయి రక్తం కన్నులోకి కారింది, వాడు చిన్నపిల్లాడి మాదిరి "అమ్మా" అన్నాడు. బస్సంతా ఈలలు. ఒక ముసలామె, "ఇంకోటి ఎయ్యి తల్లీ" అంది. నా లోపల ఏదో పెద్దగా నవ్వింది. భయమేసింది నాకు, వాణ్ణి చూసి కాదు. మర్నాడు డ్యూటీ దిగి ఇంటికి పోకుండా డిపో వెనక రిక్రియేషన్ రూముకి వెళ్ళాను. డ్రైవర్లు ఆడుకునే పాత టేబుల్ ఉంది అక్కడ, రబ్బరు ఊడిపోయిన బ్యాట్లున్నాయి. కొట్టాను. తిరిగి పంపలేదు, ఒక్కటి కూడా, వచ్చినదాన్నల్లా కొట్టాను, సగం గోడకి తగిలాయి, సగం పైకప్పుకి. మెకానిక్ కుళ్లాయప్ప అవతలివైపు బ్యాటు అడ్డం పెట్టుకుని, "ఏమక్కా, ఆడతాండావా, చంపుతాండావా?" అన్నాడు. రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. డిపోల పోటీల్లో గెలిచాను, పేపర్లో మూలన ఫోటో వేశారు, అది చూసి చిన్నాయన ఫోన్ చేశాడు. "గోడ లేసిందే మల్ల! ఆదివారం నాతో ఆడు. నేను కొడతా ఉంటా, నువ్వు ఏస్తా ఉండు, చూసేటోళ్ళకి బాగుంటాది." సరే చిన్నాయనా అన్నాను. నోరు దానంతటదే అనేసింది, చెయ్యి మాదిరే.

కాబట్టి ఎడమదే. ఆయన కోరిందే ఇద్దాం ఆయనకి. డిఫెన్స్ వాళ్ళు పంపే బంతి వెనక్కి తిరుగుతూ వస్తుంది, దాన్ని మామూలుగా కొడితే నెట్టులో పడుతుంది, ప్రతిసారీ మోకాళ్ళు వంచి, కిందికి దిగి, ఒళ్ళంతా విసిరి పైకి లేపాలి. ప్రతిసారీ. నేను నిదానంగా ఉంటాను. ఒక మూలకి వేస్తాను, పరిగెత్తి లేపుతాడు, చప్పట్లు కొడతారు, నవ్వుతాడు. ఇంకో మూలకి వేస్తాను. నెట్టు దగ్గరికి రప్పించి వెంటనే వెనక్కి తరుముతాను. ఆపాలంటే ఆపచ్చు ఆయన, ఒక్క మాట చాలు, కానీ జిల్లా అంతా చూస్తుంటే ఓబుళేసు సార్ ఆపుతాడా, గోడ ముందు ఆపుతాడా? చొక్కా వీపుకి అంటుకుంటుంది. పెదాలు తెల్లబడతాయి. ఎడమచెయ్యి ఛాతీ మీదికి పోతుంది, ఎవరూ చూడరు, నేను చూస్తాను, చూసి ఇంకోటి వేస్తాను, ఈసారి ఇంకా కిందికి, ఇంకా దూరంగా. ఆ మోకాళ్ళు మళ్ళీ వంగుతాయి, ఇక లేవవు. టేబుల్ అంచు పట్టుకోబోయి జారతాడు. దవడ తగులుతుంది టేబుల్‌కి, ఆ చప్పుడు నాకు కావాలి. సిమెంటు నేల మీద బోర్లా పడి, నోరు తెరుచుకుని, నీళ్ళు లేని చెరువులో చేప మాదిరి కొట్టుకుంటుంటే బంతి ఆయన మొహం పక్కన మెల్లగా దొర్లుతూ ఆగుతుంది. నా చేతికి రక్తం ఉండదు. ఏ పోలీసూ అడగడు. నేను ఒక్క బంతి కూడా కొట్టి ఉండను, ఆయన కొట్టినవే ఆయనకి తిరిగి ఇచ్చి ఉంటాను. నోరూరింది నాకు. నిజం చెప్తున్నాను, ఆకలైనప్పుడు ఊరినట్టు ఊరింది.

తర్వాత? తర్వాత జనం పరిగెత్తుకొస్తారు. "సార్! సార్!" ఏడుపులు. ఎవడో అంటాడు, "ఆడతా ఆడతా పోయినాడప్పా, ఎంత పుణ్యం చేసుకున్నాడో, బ్యాటు చేతిలో ఉండంగానే పోయినాడు!" అదిగో. ఆ మాట చెవిలో పడగానే నా చేతిలో చెక్క ఆగిపోయింది. హాలుకి ఆయన పేరు పెడతారు. ఇదే ఫోటో పెద్దది చేయించి, దండ వేసి, గేటు దగ్గర తగిలిస్తారు. ఏటా ఆయన పేరు మీద పోటీలు పెడతారు, గోడలూ కొట్టేవాళ్ళూ కొత్త పిల్లలు వస్తారు. నన్ను స్టేజీ మీదికి పిలుస్తారు, సార్‌తో ఆఖరి ఆట ఆడిన శిష్యురాలు, రామ్మా, దీపం వెలిగించు అంటారు. వెలిగించాలి నేను, ఈ చేత్తో. థూ! చచ్చి కూడా నా మీద గెలుస్తాడు వీడు. బ్లేడును బల్ల మీద విసిరికొట్టాను, గాజు పగల్లేదు, పగిలుంటే బాగుండేది. ఆయన చావడం నాకు వద్దు. బతకాలి. బతికి, బంతి పక్కనుంచి పోతుంటే బ్యాటు ఎత్తడానికి కూడా టైం చాలక, అందరి ముందూ నోరు తెరుచుకుని నిలబడాలి. తెల్లారి లేచి అద్దంలో ఆ మొహం చూసుకోవాలి, ఆ మర్నాడు కూడా చూసుకోవాలి.

అయితే చిన్నమ్మ? ఆ మాటలు మళ్ళీ గుర్తు చేసుకున్నాను. స్టెంటు వేశారంది. ఎక్కువసేపు ఆడితే కష్టమంది. జాగ్రత్తగా ఆడమ్మా అందా? అనలేదు. ఆయన్ని మెల్లగా ఆడించు అందా? అనలేదు. పొద్దుటి నుంచీ ఆమె బతిమాలిందనే అనుకుంటున్నాను, బతిమాలిన మాట ఒక్కటీ లేదు అందులో. ఫోన్ తీశాను. ఎత్తింది. వెనకాల రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు. "చిన్నమ్మా, పొద్దున నాకు యాలా చెప్పినావు ఆ మాట?" అన్నాను. "ఊరికే చెప్పినా." "రొవ్వంతసేపు ఆడమనా, శానాసేపు ఆడమనా?" దంచడం ఆగిపోయింది. తర్వాత, "ఆదివారం నేనూ వస్తాండా పాపా, చూడనీకి" అంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ హాలు గడప తొక్కని మనిషి.

ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చుంది నా చెయ్యి బాగయ్యేదాకా. నాకు ఏడుపొచ్చింది, అంతకు రెండింతలు కోపమొచ్చింది. అక్కడ ఆయన ఫోన్ చేసి ఎడమది ఇమ్మన్నాడు, ఇక్కడ ఈమె ఫోన్ చేసి ఎడమదే చేతిలో పెట్టింది, మొగుడూ పెళ్ళాం జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీద ఉన్నారు, నా చెయ్యి ఎవరికి కావాలంటే వాళ్ళకి. "రా చిన్నమ్మా" అన్నాను, "వచ్చి చూడు. అయితే నేను కొట్టే ఆట ఆడతా. బిరీన అయిపోతాది. ఆయప్పకి ఏం కాదు. ఓడిపోతాడు, అంతే, అందరి ముందర, గోడ చేతిలో." "ఓడిపోయినోడు యాడికొస్తాడు సరళా?" అంది. అరవలేదు, ఏడవలేదు, కూర ఏం చేశావన్నట్టు అడిగింది. "ఆ కోపం యాడ దించుకుంటాడో తెలీదా నీకి?" తెలుసు. గాజుల్లేని ఆ చెయ్యి తెలుసు. నా ఆవేశంలో ఆ చెయ్యే మర్చిపోయాను, ఛీ, నా బతుకు. నేను టేబుల్‌కి అవతల నిలబడి పెద్ద ఘనంగా ఆయన పరువు తీసి బస్సెక్కి పోతాను, ఆ రాత్రి తలుపు గడియ పడేది ఆమె ఇంట్లో. ఎడమ చెక్క వైపు చూశాను, కుడి చెక్క వైపు చూశాను. షీల్డులో ఆయన నవ్వు అట్లాగే ఉంది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట నేను అనుకుని అన్నది కాదు. "అయితే నువ్వు ఆ ఇంటికి పోవద్దు. ఆట అయితానే నాతో వచ్చేయ్. ఆదివారం సాయంత్రం మా ఊరికి పోయేది నా బస్సే, నా సీటు పక్కన కూసో. నా ఇల్లు చిన్నది, ఇద్దరం పడతాము. ఆయప్ప ఒక్కడే పోనీ, పోయి ఆ గోడలని కొట్టుకోనీ." వీధిలో ఆటోవాళ్ళు ఎప్పుడో ఊరుకున్నారు. చిన్నమ్మ గొంతు సవరించుకుంది. "ఎన్ని చీరలు పెట్టుకోవల్ల?" అంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, షట్టరు గరగరమని పైకి లేచింది, ఎండంతా ఒక్కసారి మొహాన పడింది. సోమశేఖర్ ఆవులిస్తూ వచ్చి, "డిఫెన్స్‌దే కదమ్మా, సార్ చెప్పింది? రబ్బరు అతికిచ్చేదా?" అన్నాడు. నేను కుడిదాన్ని చేతిలోకి తీసుకున్నాను. పిడి నా వంకర ఎముకకి ఒరుసుకుంటోంది, గరుకు కాగితంతో కాస్త రుద్దుకోవాలి, అప్పటికీ నొప్పి పోదు, బిగుసుకుపోయిన చెక్క కదా, బంతి తగిలిన ప్రతిసారీ దెబ్బంతా మణికట్టుకే వస్తుంది. బంతి పైకి ఎగరేశాను. గాల్లో నిలబడింది, దిగింది, కొట్టాను. ఠప్పుమని పోయి షీల్డు కవరు మీద, నవ్వుతున్న మొహం నడిమధ్య తగిలింది, షీల్డు వెనక్కి ఒరిగి క్యారంబోర్డుల మీద పడింది. "అయ్యో అయ్యో, ఏమమ్మా ఇది!" అని సోమశేఖర్ దాని వైపు ఉరికాడు. ఉత్త చెక్క కావడంతో దెబ్బ ఎముకలోకి నేరుగా దిగింది, మణికట్టు నుంచి మోచేతి దాకా అగ్గి పాకింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి దించలేదు.

"ఇదే ఇయ్యన్నా" అన్నాను. "ఇంకో బాలు ఇయ్యి."